తలుపు తీసింది కొరెట్టా

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా విజయవాడలో పత్రికా ఫొటోగ్రాఫర్లు, జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ ముందు లైట్లు రెండూ తీసెయ్. వెనక కూర్చున్నవాళ్లకి తెర కనపడుతోందా? సరే.

ఇది అట్లాంటాలో ఒక వంటిల్లు. 1962వ సంవత్సరం. బల్ల దగ్గర ఒక తండ్రీ, ఒక కూతురూ. ఆ పాపకి ఆరేళ్లు. పేరు యోలాండా, ఇంట్లో యోకీ అని పిలుస్తారు. టీవీలో ఫన్‌టౌన్ అనే పార్కు ప్రకటన వస్తుంటే చూసింది. రంగులరాట్నాలు, బొమ్మ రైళ్లు ఉండే పార్కు. తనూ వెళ్తానంది. ఏ ఊళ్లో అయినా, ఏ పిల్లయినా అంటుంది కదా. కానీ ఆ పార్కులోకి నల్లపిల్లల్ని రానివ్వరు. ఎందుకు రానివ్వరో ఆ తండ్రి ఇప్పుడు కూతురికి చెప్పాలి. ఆ తండ్రి, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్. పక్కనే కెమెరా పట్టుకుని ఉన్నది లుక్ పత్రిక ఫొటోగ్రాఫర్ జేమ్స్ కరాలిస్.

మరుసటి ఏడాది, 1963 ఏప్రిల్‌లో, కింగ్ బర్మింగ్‌హాం జైల్లో కూర్చుని ఒక లేఖ రాశాడు. మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో ఒక వాక్యం ఉంది, ఆగకుండా దాదాపు పేజీ పొడవునా సాగుతుంది. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి అని సలహా ఇచ్చేవాళ్లకి జవాబు అది. ఆ వాక్యం మధ్యలో ఈ ఫన్‌టౌన్ వస్తుంది. టీవీలో చూసిన పార్కుకి ఎందుకు తీసుకెళ్లలేవో ఆరేళ్ల కూతురికి చెప్పబోతే నాలుక మెలిపడిపోతుందని, మాట నత్తిగా వస్తుందని, ఆ పిల్ల కళ్లలో నీళ్లు ఊరుతుంటే చూస్తూ ఉండాల్సి వస్తుందని రాశాడు. వేలమందిని కదిలించిన గొంతు తన వంటింట్లో ఆరేళ్ల పిల్ల ముందు తడబడింది. ఫొటో ముందు వచ్చింది, వాక్యం తర్వాత వచ్చింది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఈ వంటిల్లే కళ్లముందుకొస్తుంది.

నేను ముప్పై ఏళ్ల పైచిలుకు పత్రికల్లో ఫొటోలు తీశాను. అంతకుముందు ఒక చిన్న ఊళ్లో స్టూడియోలో టచింగ్ పని చేసేవాణ్ణి. నాయకుల ఫొటోలు ఎన్ని తీశానో లెక్కలేదు. మైకు ముందు, పాదయాత్రలో, అరెస్టవుతూ, దండలు వేయించుకుంటూ. నాయకుడి ఇంట్లో తీసినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ వంటింటి ఫొటో ముందు కూర్చుంటే ఇందులో వెలుగు ఎటునుంచి పడిందన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది. కరాలిస్‌ని ఆ వంటింట్లోకి ఎవరు రానిచ్చారన్నదే ముందు గుర్తొస్తుంది. ఈ సాయంత్రం నేను మాట్లాడేది దాని గురించే.

అసలు ఆ కుటుంబం గుమ్మంలోకి అడగకుండా వచ్చినవి ఏమిటో ముందు చెప్పుకోవాలి.

1956 జనవరి 30. అలబామా రాష్ట్రంలో మాంట్‌గమరీ నగరం, సౌత్ జాక్సన్ వీధి, 309వ నంబరు ఇల్లు. బస్సుల్లో నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టడానికి నిరసనగా బస్సుల బహిష్కరణ సాగుతున్న రోజులు. కింగ్‌కి ఇరవై ఏడేళ్లు నిండి రెండు వారాలు. ఆ రాత్రి ఆయన చర్చిలో సభలో ఉన్నాడు. ఇంట్లో భార్య కొరెట్టా, తోడుగా వచ్చిన ఒక స్నేహితురాలు, రెండున్నర నెలల యోలాండా ఉన్నారు. వరండాలో ఏదో దభీమని పడిన చప్పుడయింది. ఆడవాళ్లిద్దరూ వెనక గదివైపు నడిచారు. అంతలో బాంబు పేలింది. ముందు గది అద్దాలు పగిలాయి. కింగ్ వచ్చేసరికి ఇంటి ముందు జనం, కొందరి చేతుల్లో ఆయుధాలు. ఆ పగిలిన వరండాలోనే నిలబడి, మీరంతా ఇళ్లకు వెళ్లండి, పగ వద్దు అని ఆయన చెప్పిన మాటలు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రాత్రే కొరెట్టా తండ్రి వచ్చాడు, కింగ్ తండ్రి వచ్చాడు. పిల్లని తీసుకుని వచ్చెయ్యమన్నారు. ఆవిడ కదల్లేదు. ఈ సంగతి పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా మటుకు నాకు వరండాలోని ప్రసంగం ఎంత పెద్దదో ఇదీ అంత పెద్దదే.

జనవరి 30 అనగానే మీకు ఇంకో సంగతి తట్టి ఉంటుంది. గాంధీ హత్య జరిగిన తేదీ. వీళ్ల మూడో బిడ్డ డెక్స్టర్ 1961లో పుట్టిందీ జనవరి 30నే. కొరెట్టా 2006లో కన్నుమూసిందీ జనవరి 30నే, బాంబు పడి సరిగ్గా యాభై ఏళ్లకి. తేదీలకు అర్థాలు వెతికే అలవాటు నాకు లేదు. అయినా దీన్ని చెప్పకుండా దాటలేకపోయాను.

ఇప్పుడు రెండో ఫొటో. 1960 ఏప్రిల్. కుటుంబం అట్లాంటాకి మారి కొన్ని నెలలే అయింది. రాత్రి ఎవరో ఇంటి ముందు పచ్చికలో శిలువ పాతి తగలబెట్టిపోయారు. అమెరికా దక్షిణాదిలో దానికి ఒకటే అర్థం, చంపుతామని. కింగ్ సూటూ టై వేసుకుని ఆ కాలిన శిలువని నేలలోంచి పీకుతున్నాడు. పక్కన కొడుకు. తాత పేరూ తండ్రి పేరూ అదే కాబట్టి మూడో మార్టిన్. ఇంకా మూడేళ్లు నిండలేదు. పిల్లవాడు ఎలా నిలబడ్డాడో చూడండి. నాన్న తోటలో కలుపు తీస్తుంటే పక్కన చేరి చూసే పిల్లాడిలా ఉన్నాడు. మన ఇళ్లల్లో పొద్దున్నే కళ్లాపి చల్లే చోటు అది. ఆ చోట ఆ తండ్రికి ఆ పని పడింది. ఈ ఫొటోలో రక్తం లేదు, లాఠీ లేదు. కానీ దీన్ని చూశాక ఆ ఇంట్లో ఏ ఫొటోనీ మామూలు కుటుంబ ఫొటోలా నేను చూడలేకపోయాను.

అడగకుండా వచ్చినవాటిలో మూడోది కంటికి కనపడేది కాదు. 1963 అక్టోబరులో అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ అనుమతి ఇచ్చాడు, అమెరికా కేంద్ర పోలీసు సంస్థ ఎఫ్.బి.ఐ. వాళ్లు కింగ్ ఇంటి టెలిఫోను వినడం మొదలుపెట్టారు. ఇంటి ఫోను అండీ. అమ్మతో మాట్లాడే ఫోను, పిల్లలకి జ్వరం వస్తే డాక్టర్ని పిలిచే ఫోను.

బాంబు తలుపు తట్టలేదు. శిలువ తట్టలేదు. ఫోను తీగ తట్టలేదు. అలాంటి ఇంటికి వెళ్లి, లోపలికి రావచ్చా అని అడిగి, రమ్మంటేనే వెళ్లినవాళ్లు కొద్దిమంది ఫొటోగ్రాఫర్లు. ఆ కాలపు ఫొటోలని చూసేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

రమ్మన్నది ఎవరు? కింగ్ ఇంటిపట్టున ఉండే మనిషి కాదు. 1957 నుంచి 1968 దాకా పదకొండేళ్లలో 2,500కు పైగా ప్రసంగాలు చేశాడని నోబెల్ సంస్థ ప్రచురించిన ఆయన జీవిత పరిచయంలో ఉంది. మధ్యమధ్య జైళ్లు. కాబట్టి ఆ ఇల్లంటే కొరెట్టానే. ఆవిడ అలబామాలో మారియన్ దగ్గర పల్లెలో పెరిగింది. బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ కన్జర్వేటరీలో సంగీతం చదివింది. 1953 జూన్‌లో పుట్టింటి ఆవరణలో పెళ్లి జరిగింది. పాటగత్తెగా వేదికలెక్కాల్సిన మనిషి. ఎప్పుడు కెమెరాని లోపలికి పిలవాలో, ఎప్పుడు బయట నిలబెట్టాలో ఆవిడకి తెలిసినంతగా ఆ ఉద్యమంలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఎందుకంటున్నానో చివర్లో చెబుతాను.

ఫ్లిప్ షుల్కీ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. తెల్లవాడు, మిన్నెసోటాలో పుట్టాడు. 1958లో మయామీలో కింగ్‌ని కలిశాడు. ఆ తర్వాత పదేళ్లలో కింగ్‌వి సుమారు 11,000 ఫొటోలు తీశాడు. ఇప్పుడు తెర మీద ఉన్నది ఆయన తీసిందే. 1964 నవంబరు, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక భోజనం. బల్ల చుట్టూ కుటుంబం. వాళ్ల వెనక గోడ మీద ఎవరున్నారో చూశారా? అవును, గాంధీయే.

మనవాళ్లు ఈ ఫొటో చూడగానే గాంధీ దగ్గర ఆగిపోతారు. నేనూ మొదటిసారి అక్కడే ఆగాను. ఆ పటం వెనక ఉన్న ప్రయాణం చెప్పాలి. 1959 ఫిబ్రవరిలో కింగ్ దంపతులు మన దేశానికి వచ్చి నెలరోజులు తిరిగారు. వెనక్కి వెళ్లాక నల్లజాతివాళ్ల మాసపత్రిక ఎబొనీలో కింగ్ ఆ ప్రయాణం గురించి రాశాడు. భారతీయులకి మా పాటలంటే చాలా ఇష్టం, అందుకని నేను ఎంత ఉపన్యసించానో కొరెట్టా అంత పాడింది అని. అంటే ఆ గోడ మీది గాంధీ వెనక ఉన్నది భర్త ఒక్కడి ప్రయాణమే కాదు. మన సభల్లో ఆవిడ పాడిన పాటలు కూడా ఆ ప్రయాణంలోవే. ఫొటోలో అన్నం వడ్డించే ఇల్లాలిగా కనపడుతున్న మనిషి ఆవిడే.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ 1964 నవంబరు చాలా చిత్రమైన నెల.

అక్టోబరులో నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. కింగ్‌కి అప్పటికి ముప్పై అయిదేళ్లు. ప్రపంచమంతా ఆ ఇంటివైపు చూస్తోంది. నవంబరులో షుల్కీ ఈ భోజనం ఫొటో తీశాడు. అదే నవంబరులో కొరెట్టా న్యూయార్క్ టౌన్ హాల్లో మొదటి ఫ్రీడమ్ కన్సర్ట్ ఇచ్చింది. పాటలతో, కవిత్వంతో ఉద్యమ కథ చెప్పి దానికి డబ్బు కూడబెట్టే కచేరీ అది. ఆ తర్వాత అలాంటివి ఇంకెన్నో ఇచ్చింది. అదే నవంబరులో ఎఫ్.బి.ఐ. వాళ్లు హోటల్ గదుల్లో రహస్యంగా రికార్డు చేసిన వాటితో ఒక టేపు తయారుచేసి, దానికి పేరులేని ఉత్తరం ఒకటి జతచేసి కింగ్ పేర పంపారు. 34 రోజుల గడువు ఇస్తున్నాం, నీకు ఒకటే దారి ఉంది అన్నట్టు రాశారు. ఆత్మహత్య చేసుకోమని దాని భావం. ఆ పార్సిల్ 1965 జనవరిలో విప్పింది ఎవరనుకుంటున్నారు? కొరెట్టా.

ఒక కుటుంబం మీద ఒకే నెలలో రెండు యంత్రాలు పనిచేశాయి. ఒకటి కెమెరా. ఇంకొకటి టేప్ రికార్డరు. టేప్ రికార్డరూ అబద్ధం చెప్పదు, దొరికింది దొరికినట్టే పడుతుంది. మనం కెమెరా గురించి చెప్పుకునే గొప్పే అది. అయినా ఆ రెండూ ఒకటి ఎందుకు కావో ఇక్కడున్న ప్రతి విద్యార్థీ తనకు తాను జవాబు చెప్పుకోవాలి. నిజం నమోదైతే చాలు అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఆ టేపులో ఉన్నదీ నిజమేనేమో. దాన్ని తీసినవాడు అడగలేదు, ఇచ్చినవాడు లేడు. అందుకని అది దొంగతనం. కింగ్ దాంపత్యంలో ఒడిదుడుకులు లేవని నేననను, చరిత్రకారులు వాటి గురించి రాశారు. కానీ ఒక ఇంటి నొప్పిని ఆ ఇంటి మనిషికే పోస్టులో పంపించి చచ్చిపో అనడం పత్రికారచన కాదు, చరిత్రా కాదు.

అయితే కెమెరా ఎప్పుడూ మంచివైపే ఉంటుందని చెబితే నేను మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఎర్నెస్ట్ విదర్స్ గురించి చెప్పాలి. మెంఫిస్ నగరంలో నల్లజాతి ఫొటోగ్రాఫర్. 1968 మార్చి 28న పారిశుద్ధ్య కార్మికులు నేనూ మనిషినే అన్న అట్టలు పట్టుకుని బారులు తీరిన ఫొటో ఆయనదే. ఆ రోజు కింగ్ నడిపిన ఊరేగింపు గొడవల్లో చెదిరిపోయింది. ఆ రోజే కింగ్ చిన్న కూతురు బెర్నిస్‌కి అయిదేళ్లు నిండాయి. విదర్స్ ఎంత దగ్గరి మనిషంటే, 1966లో లొరైన్ మోటెల్ గదిలో కింగ్ మంచం మీద నడుం వాల్చి ఉంటే ఫొటో తీయగలిగాడు. ఆయన 2007లో పోయాడు. 2010లో మెంఫిస్ పత్రిక ఒకటి పాత ఫైళ్లు తవ్వి, విదర్స్ ఎఫ్.బి.ఐ.కి డబ్బు తీసుకుని సమాచారం ఇచ్చేవాడని బయటపెట్టింది. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ ఫొటోల విలువ తగ్గిందా? తగ్గలేదు. ఆయనకి తలుపు తీసినవాళ్ల నమ్మకం మాత్రం ఏమైనట్టు? దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఈ ఇంటి ఫొటోలు ఎందుకు అవసరమయ్యాయో కూడా చూడండి. లైఫ్, లుక్ పత్రికలు చదివే తెల్లవాళ్ల ఇళ్లల్లో ఎక్కువమందికి నల్లవాళ్ల ఇల్లు లోపల ఎలా ఉంటుందో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆదివారం బట్టలు, శుభ్రమైన బల్ల, పియానో, పుస్తకాలు, అల్లరి చేసే పిల్లలు. మేమూ మీలాంటివాళ్లమే అని చెప్పడానికి ఉద్యమానికి ఇవి కావాలి. నాకు ఇక్కడ కొంచెం మనసు కష్టపడుతుంది. మనిషిగా గౌరవం పొందడానికి ముందు ఇల్లు సర్ది చూపించాలా? సూటూ టై లేని పేదవాడి ఇంట్లో పిల్ల ఫన్‌టౌన్‌కి వెళ్తానంటే ఆ ఏడుపు ఏడుపు కాదా? ఈ ఫొటోలని ఎంత ప్రేమిస్తానో ఈ ప్రశ్ననీ అంతే గట్టిగా పట్టుకుని ఉంటాను.

ఇంకో లోటు కొరెట్టా విషయంలో. 1962 మార్చిలో ఆవిడ శాంతి ఉద్యమ మహిళల బృందంతో జెనీవాలో నిరాయుధీకరణ సమావేశానికి వెళ్లింది. అణుపరీక్షలు ఆపమని అడగడానికి. వియత్నాం యుద్ధం గురించి భర్తకంటే ముందే బహిరంగంగా మాట్లాడింది. ఇంటి ఫొటోల్లో ఇవేవీ లేవు. వడ్డిస్తుంది, పిల్లల్ని ఎత్తుకుంటుంది, భర్త పక్కన కూర్చుంటుంది. ఆ పనులు ఆవిడ చేసిన మాట నిజమే. కానీ పత్రిక ఎడిటర్లకి ఆవిడలో కావలసింది అంతే.

ఇదిగో, ఇది చూడండి. 1963 మార్చి 17న అట్లాంటా ఇంట్లో తీసిన ఏజెన్సీ ఫొటో. తల్లీతండ్రీ, యోలాండా, మూడో మార్టిన్, డెక్స్టర్. చాలా ప్రసిద్ధమైన ఫొటో. దీని కింద నేటికీ చాలాచోట్ల ఏమని వేస్తారంటే, నలుగురు పిల్లల్లో ముగ్గురితో కింగ్ దంపతులు అని. నాలుగో బిడ్డ బెర్నిస్ పుట్టింది మార్చి 28న. అంటే ఈ ఫొటో తీసిన పదకొండు రోజులకి. ఆ రోజు నాలుగో బిడ్డ ఎక్కడికీ వెళ్లలేదు, అమ్మ కడుపులో ఉంది. నిండు నెలల మనిషి కెమెరా ముందు కూర్చుంటే, అరవై ఏళ్లుగా ఆ క్యాప్షన్ని దించుకుంటూ పోతున్నవాళ్లలో ఒక్కరూ ఆవిడని సరిగ్గా చూడలేదు. ఆ బిడ్డ పుట్టిన రెండు వారాలకి కింగ్ బర్మింగ్‌హాంలో అరెస్టయ్యాడు. ఇందాక చెప్పిన లేఖ రాసింది అప్పుడే. ఫన్‌టౌన్ గురించి ఆ జైల్లో ఆయన రాస్తున్న వేళ, ఇంట్లో బాలింత, నలుగురు పిల్లలు.

పని విషయం కొంచెం మాట్లాడుకుందాం, లేకపోతే మీరు ఒప్పుకోరు. ఇలాంటి ఫొటోలకి ఫ్లాష్ పనికిరాదు. ఫ్లాష్ పడిందంటే ఇంట్లో వాళ్లందరికీ బయటివాడు ఉన్నాడని గుర్తొచ్చేస్తుంది. 1954లో 35 ఎం.ఎం.లో ట్రై-ఎక్స్ అనే, తక్కువ వెలుగులోనూ పనిచేసే ఫిల్మ్ రావడంతో ఇంటి దీపాల వెలుగులోనే తీయడం వీలయింది. కరాలిస్ పని నేర్చుకున్నది పేరుమోసిన ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ దగ్గర. అక్కడ నేర్పేదే ఉండటం. రోజుల తరబడి ఉండటం. ఇంకొకటి, నల్లని చర్మం. లైట్ మీటరు చెప్పినట్టు వింటే మొహంలో గీతలన్నీ మసిలో కలిసిపోతాయి, లేదంటే ఆ నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. స్టూడియోలో మా గురువుగారు నాకు మొదట నేర్పింది నెగటివ్ మీద పెన్సిల్‌తో రుద్ది మనిషిని తెల్లగా చేయడం. పెళ్లిచూపుల ఫొటో అయితే మరీను. ఎంతమంది ఆడపిల్లల రంగు నేను ఈ చేత్తో మార్చానో. మోనెటా స్లీట్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ తీసిన మొహాలు చూశాక నాకు సిగ్గేసింది. ఆయన ఎబొనీ పత్రికలో 1955 నుంచి పనిచేశాడు. నలుపులో ఎన్ని నలుపులుంటాయో ఆ ప్రింట్లలో కనపడుతుంది.

గాంధీ సంగతి వచ్చింది కాబట్టి మన దేశంలో ఒక ఉదాహరణ. గాంధీకి వరసకి మనవడయ్యే కనూ గాంధీ సేవాగ్రామ్‌లో ఫొటోలు తీస్తానన్నాడు. బిర్లా వంద రూపాయలిస్తే రోలీఫ్లెక్స్ కెమెరా వచ్చింది. గాంధీ మూడు షరతులు పెట్టాడు. ఫ్లాష్ వాడకూడదు. నన్ను పోజు ఇమ్మని అడగకూడదు. ఆశ్రమం డబ్బివ్వదు. ఆ షరతుల మీద కనూ దాదాపు పదేళ్లు తీశాడు. 1944లో ఆగాఖాన్ ప్యాలెస్‌లో కస్తూర్బా తన ఒడిలో ప్రాణం వదులుతున్నప్పుడు మాత్రం గాంధీ ఫొటో వద్దన్నాడు. కెమెరా ఉంది, తీసే చెయ్యి ఉంది, ఫొటో లేదు. ఆ లేని ఫొటో నాకు కనూ తీసినవాటితో సమానం.

మన ఊళ్లల్లో అంబేడ్కర్ పటం లేని పేట ఉండదు. నీలం సూటు, చేతిలో రాజ్యాంగం. కానీ 1934 ఫిబ్రవరిలో ముంబైలో ఆయన ఇల్లు రాజగృహలో తీసిన కుటుంబ ఫొటో ఎంతమంది ఇళ్లల్లో ఉంది? భార్య రమాబాయి, కొడుకు యశ్వంత్, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్. కింద పెంపుడు కుక్క టోబీ. పదిహేను నెలల తర్వాత రమాబాయి పోయారు. ఆ ఫొటో చూస్తే ఆ మహానుభావుడికి ఒక ఇల్లుందని, ఆ ఇంటికోసం అరిగిపోయిన ఒక ఆడమనిషి ఉందని తెలుస్తుంది. సూటు పటం పక్కన దాన్నీ కట్టించి పెట్టుకోమని నా విన్నపం.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ వేదిక దిగితే నాకు నిద్ర పట్టదు.

చాలా ఏళ్ల కిందట మా జిల్లాలో వ్యవసాయ కూలీల కోసం పనిచేసిన ఒకాయన ఉన్నట్టుండి చనిపోయాడు. ఆయన సభలు నేను ఎన్నో కవర్ చేశాను. ఇంటికి ఎప్పుడు వెళ్లినా వాళ్లావిడ మజ్జిగ ఇచ్చేది. ఆ చనువుతో నేరుగా లోపలికి వెళ్లిపోయాను. పదో తరగతి చదివే కూతురు వంటింటి గుమ్మం దగ్గర, నాన్న కండువా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. అడగలేదు. ఫ్లాష్ కొట్టాను. తలెత్తి చూసింది, రెండోసారి కొట్టాను. మర్నాడు మొదటి పేజీలో అదే వేశారు. ఆఫీసులో అందరూ భుజం తట్టారు. చాలాకాలం తర్వాత ఆ అమ్మాయి ఒక పెళ్లిలో కనపడింది, టీచరు ఉద్యోగం చేస్తోంది. బాగా మాట్లాడింది. నాన్న ఫొటోలు మీవి అన్నీ దాచాం బాబాయ్ అంది. కాసేపు ఆగి, ఆ రోజు పేపరు మాత్రం దాచలేదు అంది. అంతే, ఇంకేం అనలేదు. పిల్లలకి అన్నం పెట్టాలని వెళ్లిపోయింది.

ఆ తర్వాతే నేను మోనెటా స్లీట్ కథ వెతుక్కుని చదివాను.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కింగ్‌ని కాల్చి చంపారు. 9న అట్లాంటాలో ఎబనీజర్ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన. చర్చి చిన్నది, ప్రపంచమంతా బయట ఉంది. అందుకని లోపలికి కొద్దిమంది ఫొటోగ్రాఫర్లనే పంపి, వాళ్లు తీసినవి అందరూ పంచుకునేలా ఏర్పాటు చేశారు. ఆ జాబితాలో నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఒక్కడూ లేడు. కొరెట్టాకి ఆ సంగతి తెలిసింది. భర్త పోయి అయిదు రోజులు, నలుగురు పిల్లలు. ఆ స్థితిలో ఆవిడ కబురు పంపింది. మోనెటా స్లీట్‌ని లోపలికి రానివ్వకపోతే ఏ ఫొటోగ్రాఫరూ లోపల ఉండడు అని.

ఆవిడకి ముందు ఇంకో తల్లి ఇలాంటి నిర్ణయం తీసుకుంది. 1955లో మిసిసిపీలో చంపేసిన పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్ తల్లి మేమీ. కొడుకు శవపేటిక మూత తెరిచే ఉంచమంది. జెట్ పత్రికని ఫొటో తీసుకోనిచ్చింది. నా బిడ్డని ఏం చేశారో లోకం చూడాలంది. అక్కడ మూత తెరిచింది తల్లి. ఇక్కడ తలుపు దగ్గర నిలబడి, ఈ దుఃఖాన్ని ఎవరి కన్ను చూడాలో తేల్చింది భార్య. ఇందాక చివర్లో చెబుతానన్నది ఇదే.

స్లీట్ లోపలికి వెళ్లాడు. కొరెట్టా కోరిక మీద, రెండు నెలల కిందట కింగ్ అదే చర్చిలో చేసిన ప్రసంగం టేపు వేశారు. తన చావు గురించి తాను మాట్లాడుకున్న ప్రసంగం. ముందు వరసలో కొరెట్టా. మొహం మీద నల్లని మేలిముసుగు, కళ్లు ముందుకి. ఒడిలో తెల్లగౌను వేసుకున్న బెర్నిస్, ఒరిగి పడుకుని ఉంది. పుట్టినరోజు అయి పన్నెండు రోజులు. స్లీట్ ఆ ఫొటో తీశాడు. నెలకోసారి వచ్చే పత్రిక మనిషి తీసిందే అయినా, అందరూ పంచుకునే ఏర్పాటు వల్ల అది దేశంలోని దినపత్రికలన్నిటికీ వెళ్లింది. 1969లో పులిట్జర్ బహుమతి వచ్చింది. పత్రికారంగంలో అది అందుకున్న తొలి నల్లజాతీయుడు స్లీట్.

చివరి స్లైడు వెయ్యి బాబూ. రెండు ఫొటోలు పక్కపక్కన. కుడివైపు ఇప్పుడు చెప్పిందే. ఎడమవైపుది 1956, మాంట్‌గమరీ. బాంబు పడిన ఏడాది. పాతికేళ్లు దాటిన కుర్ర దంపతులు, వాళ్ల చేతుల్లో చంటిపిల్ల యోలాండా. ఇదీ మోనెటా స్లీట్ తీసిందే. పన్నెండేళ్లు ఆయన ఆ కుటుంబానికి తెలిసినవాడు. 1964లో నోబెల్ అందుకోవడానికి ఓస్లో వెళ్లినప్పుడూ వాళ్లతో ఉన్నాడు. రెండు ఫొటోల్లోనూ కొరెట్టా ఉంది, బిడ్డ ఉంది.

ఈ రెంటినీ కాసేపు తెర మీద ఇలాగే ఉంచుతాను. చూస్తూ ఉండండి, ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుందాం.